గాజుగ్లాసులో వెన్నపండు మొక్క

మామిడిపండు తిని టెంకను పెరటిలో విసరివేయుట, తొలకరి చినుకులు పడినంతనే ఆ టెంక పగిలి రాగిరంగు చిగురుతో మొలక పైకి వచ్చుట, దానిని ముందుగా చూచినది నేనంటే నేనని ఇంటిలోని పిల్లలు తగవులాడుకొనుట మనలో చాలమంది ఎరిగిన సంగతియే. మొలచిన టెంకలోని జీడిని రాతిపై అరగదీసి బూర చేసి ఊదినవారును ఉన్నారు. ఇప్పుడు మేము కాపురముండునది గచ్చిబౌలిలో, తొమ్మిదవ అంతస్తున. ఇచట పెరడు లేదు. టెంక విసరినచో అది క్రింద నిలిపిన ఎవరి కారుపైననో పడును. అయినను పిల్లలకు మొలకపై గల మోజు మాత్రము పోలేదు. పెరటిలోని మామిడిటెంకకు బదులుగా వంటింటి కిటికీలో, గాజుగ్లాసులోని నీటిపై, మూడు పుల్లల ఆధారముతో నిలిచియున్న వెన్నపండు గింజ ఈ ప్రాంతపు ఇండ్లలో పలుచోట్ల కనబడుచున్నది.

వెన్నపండు అనగా అవకాడో. ఈ గింజను గూర్చి ఇరుగుపొరుగువారు మమ్ము అడుగు ప్రశ్నలు మూడు. ఇది మొలచునా? మొలచినది బ్రతుకునా? బ్రతికినది కాయునా? మొదటిదానికి సమాధానము సులభము. రెండవదానికి కొంత కష్టము. మూడవదానికి నిజము చెప్పినచో పిల్లల ముఖములు చిన్నబోవును. అయినను చెప్పక తప్పదు. మా యింటిలోనే ఏడేండ్ల బాలిక యొకతె, "వచ్చే వేసవికి కాయలు కాస్తాయా నాన్నా?" అని అడిగి సమాధానము కొరకు ఎదురుచూచుచున్నది.

ముందుగా ఈ చెట్టు ఊరు పేరు చెప్పుకొందము. మెక్సికో, మధ్య అమెరికాలు దీని పుట్టినిండ్లు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు పెర్సియా అమెరికానా. ఆ దేశపు ఆజ్టెక్ జనులు తమ నహువాటిల్ భాషలో దీనిని అహువాకటిల్ అనిరి. స్పెయిన్ దేశస్థుల నోట అది అగువాకాటే అయినది. ఇంగ్లీషువారి నోట అవకాడో అయినది. 1519లో మార్టిన్ ఫెర్నాండెజ్ దె ఎన్సిసో అను స్పెయిన్ దేశీయుడు తన భూగోళ గ్రంథములో ఈ పండును వర్ణించెను. లోపలి గుజ్జు వెన్నవలె నుండునని ఆనాడే వ్రాసెను గనుక మన వెన్నపండు అను పేరు అనుకోకుండ అతని మాటతో కలిసినది. దాల్చినచెట్టు, కర్పూరవృక్షము, మనము బిరియానీలో వేయు ఆకునిచ్చు చెట్టు, ఇవి యన్నియు దీని జ్ఞాతులే. కనుక హైదరాబాదు వంటింటికి ఇది బొత్తిగా తెలియని చుట్టము కాదు.

మన దేశమునకు ఈ చెట్టు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో సింహళమునుండి వచ్చినది. నీలగిరులు, పళని కొండలు, కొడగు, వయనాడు, ఈశాన్యమున సిక్కిము దీనికి నచ్చిన చోట్లు. అన్నియు కొండసీమలే, చల్లని చోట్లే. మన వైపున అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఏజెన్సీ ప్రాంతమున కాఫీతోటలున్న ఎత్తైన ప్రదేశములలో గిరిజన రైతులు కొందరు దీనిని పెంచుచున్నారు. గచ్చిబౌలి పండ్ల దుకాణములలో రెండు విధములైన కాయలు కనబడును. నల్లని ముడుతల తోలు గలది హాస్ రకము. ఇది టాంజానియా మొదలగు దేశములనుండి ఓడలలో శీతలపేటికలయందు వచ్చును. నున్నని పచ్చతోలు గల పెద్దకాయ చాలవరకు దక్షిణదేశపు కొండలది. వానకాలమున ఎక్కువగా వచ్చును. మొలకెత్తించుటకు మాకు ఈ రెండవదియే మేలుగా తోచినది. కారణము సులభము. అది చెట్టు దిగి కొద్దిరోజులే అయియుండును. ఓడలో వచ్చిన కాయ ఎన్ని వారములు చలిపెట్టెలో గడపినదో కొనువానికి గాని అమ్మువానికి గాని తెలియదు.

ఈ గింజను చేతిలో పట్టుకొనినవారికి మొట్టమొదట కలుగు సందేహము, ఇంత పెద్దగింజ ఎందుకని. పండులో సగము అదియే. పక్షి మ్రింగలేదు, కోతి మ్రింగలేదు, గాలికి ఎగురదు. మరి అడవిలో ఈ చెట్టు వ్యాపించిన దెట్లు? 1982లో డేనియల్ జాన్జెన్, పాల్ మార్టిన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ఊహను ప్రకటించిరి. మధ్య అమెరికా అడవులలో ఒకప్పుడు ఏనుగులవంటి భారీ మృగములును, నేలపై తిరుగు పెనుకాయపు స్లాత్ జంతువులును ఉండెడివి. అవి ఇట్టి పండ్లను గింజతో సహా మ్రింగి, దూరమున విసర్జించి, విత్తనములు నాటెడివట. ఆ మృగములు సుమారు పదివేల ఏండ్ల క్రిందటనే నశించినవి. గింజ మాత్రము నాటి కొలతలోనే నిలిచియున్నది. ఇది ఊహయే యైనను ఆలోచింపదగిన ఊహ. చేతిలోని గింజ తన్ను మ్రింగువాని కొరకు ఎదురుచూచి ఎదురుచూచి, చివరకు మనిషి చేతికి చిక్కినదన్నమాట.

గింజ పరిమాణముతో మనకు పనియున్నది. వడ్లు, కందులు, బీరగింజలు ఎండినకొలది నిలువయుండును. మా నాయనమ్మ సొరగింజలను బూడిదలో కలిపి, పేడతో గోడకు చరచి, మరుసటి యేడు వానలకు తీసి పెట్టెడిది. అవి నిద్రపోవు గింజలు. ఎండుటయే వాటికి నిద్ర. మామిడి, పనస, నేరేడు అట్టివి కావు. వాటి గింజలు తేమతోనే పుట్టి తేమతోనే మొలచును, ఎండినచో చచ్చును. వెన్నపండు గింజయు ఈ జాతిలోనిదే. పండులోనుండి తీసిన తరువాత రెండు మూడు వారములలోనే దీని మొలకెత్తు శక్తి నశించును. ఎండలో పెట్టినచో అంతకాలమైనను పట్టదు. ఈ సంగతి తెలియక మేము చేసిన మొదటి ప్రయత్నము చెప్పిన నవ్వుదురు. నాయనమ్మ పద్ధతిలో గింజను కడిగి, బాల్కనీలో నాలుగు దినములు ఏప్రిల్ ఎండకు పెట్టితిమి. తోలు పెళుసై ఊడినది. గింజ గోలీకాయవలె గట్టిపడినది. నీటిలో రెండు నెలలు ఉంచినను చలింపలేదు. చివరకు పగులగొట్టి చూడగా లోపల గోధుమరంగు పిండి తప్ప మరేమియు లేదు.

కాబట్టి మొదటి సూత్రమిది. పండు తిన్ననాడే గింజను పనిలో పెట్టవలెను. కోయునప్పుడు కత్తి గింజకు లోతుగా తగులకుండ చూడవలెను. కొందరు గింజను తీయుటకు కత్తిని దానిలోనికి కొట్టి త్రిప్పుదురు. అది వంటవానికి సులువే గాని విత్తనమునకు గాయము, జారినచో చేతికి కూడ గాయమే. చెంచాతో తీయుట మేలు. గోరువెచ్చని నీటిలో కడిగి, గుజ్జు ఏమాత్రము మిగులకుండ తుడువవలెను. గుజ్జులో నూనె యున్నది. అది నీటిలో కుళ్లి బూజునకు ఆహారమగును. పైనున్న గోధుమరంగు పొరను గోటితో తీసివేసినచో మొలక త్వరపడును. ఒకపూట నీటిలో నానబెట్టినచో ఆ పొర సులభముగా ఊడివచ్చును.

ఇక గింజకు తల యేదో, అడుగేదో తెలియవలెను. వెడల్పుగా, చదునుగా నున్నది అడుగు. వేరు అటనుండి వచ్చును. కొంచెము మొనదేలినది తల. కాండము అటనుండి వెలువడును. గుండ్రని గింజలలో ఈ భేదము స్పష్టముగా తెలియదు. మా రెండవ గింజ అట్టిదే. దానిని తలక్రిందుగా పెట్టి, మూడు వారములకు కుళ్లు వాసన వచ్చువరకు గమనింపలేదు. అడుగుభాగమున కాడ ఊడిన మచ్చవంటి గుర్తు, దానిచుట్టు చదునైన వలయము వ్రేలికి తగులును. వెలుతురున త్రిప్పి చూచినచో పొరపాటు జరుగదు.

నీటి పద్ధతి అందరు ఎరిగినదే. గింజ నడుమున మూడు నాలుగు సన్నని పుల్లలను కొద్దిగా వాలుగా, అర సెంటీమీటరు లోతున గ్రుచ్చి, గ్లాసు అంచుపై నిలుపుదురు. పళ్లు కుట్టుకొను పుల్లలు దొరకనిచో కొబ్బరిచీపురు ఈనెలు చాలును. గింజ అడుగున మూడవవంతు మాత్రమే నీటిలో నుండవలెను. అంతయు మునిగినచో ఊపిరాడదు. ఊపిరి యన్నమాట ఇచట అలంకారము కాదు. మొలకెత్తు గింజ తనలో దాచుకొన్న పిండిపదార్థమును కరగించి వేరుగా, కాండముగా మార్చుకొనుచున్నది. ఆ పనికి ప్రాణవాయువు కావలెను. నిలువనీటిలోని ప్రాణవాయువు త్వరలోనే తరుగును. అందుచేత మూడు నాలుగు దినముల కొకసారి నీరు మార్చవలెను. నీరు మబ్బుగా కనబడిననాడు గడువు చూడక అప్పుడే మార్చవలెను. ఈ దశలో ఎండ అక్కరలేదు, వెచ్చదనము చాలును. 20 నుండి 27 డిగ్రీల వేడిమి దీనికి హాయి. మన ప్రాంతమున జూన్ చివరనుండి అక్టోబరు వరకు ఇంటిలోపల ఇంచుమించుగా అంతే యుండును.

ఆ నీరు ఎట్టిది అను ప్రశ్న గచ్చిబౌలిలో చిన్నది కాదు. ఈ ఊరి పేరులోనే బావి యున్నది. బౌలి యనగా దిగుడుబావి. గచ్చు అనగా సున్నముతో నూరిన గార. నేడు ఈ అంతస్తుల ఇండ్లలో పెక్కింటికి ఆధారము నల్లరాతి పొరల లోతునుండి పైకి తోడిన బోరునీరు, లేదా ట్యాంకరు తెచ్చిన నీరు. ఆ నీటిలో లవణములు మెండు. బకెట్ల అంచున తెల్లని పొర కట్టుట ఇల్లాండ్రందరికి తెలిసినదే. వెన్నచెట్టునకు ఉప్పు పడదు. మన పండ్లచెట్లలో ఇంత సుకుమారమైనది అరుదు. ఉప్పునీరు పోసినచో ఆకుల కొనలు ముందుగా గోధుమరంగు తిరిగి, ఆ మాడిక అంచుల వెంబడి లోనికి ప్రాకును. చూచువారు నీరు చాలలేదని తలచి ఇంకను ఎక్కువ పోయుదురు. అనగా ఇంకను ఉప్పు పోసినట్లే. మరియొక మాట. శుద్ధియంత్రము త్రోసివేయు నీటిని వృథా చేయక మొక్కలకు పోయుట మన ఇండ్లలో మంచి అలవాటుగా నెలకొన్నది. కాని లవణములన్నియు చేరియుండునది ఆ త్రోసివేసిన నీటిలోనే. దానితో నేల తుడువవచ్చును; ఈ మొక్కకు మాత్రము వలదు. వాననీరు దీనికి అమృతము. అది లేనినాడు గదిని చల్లబరచు ఏ.సి. యంత్రమునుండి బయటకు కారు నీరు పనికివచ్చును. గాలిలోని ఆవిరియే చల్లబడి ఆ నీరైనది గనుక దానిలో లవణములు దాదాపు లేవు. మా బాల్కనీలో ఆ గొట్టము క్రింద చిన్న బకెట్టు పెట్టితిమి. రాత్రికి అది నిండుచున్నది.

మా మూడవ గింజకు ఈ మర్యాదలన్నియు జరిగినవి. మొదటి మూడు వారములు ఏమియు కాలేదు. ఓర్పు తప్పువారు అప్పుడే పారవేయుదురు. రెండు మొదలు ఎనిమిది వారముల వరకు ఎప్పుడైనను మొలక రావచ్చును. ఇరువదియారవ దినమున గింజ నిలువున సన్నగా చీలినది. ఆ చీలికకు ఇరువైపుల నున్నవి రెండు బీజదళములు, పప్పుగింజలో మనము చూచు రెండు బద్దలవంటివి. వాటి నడుమనుండి తెల్లని లావైన వేరు క్రిందికి దిగినది. వేరు వచ్చిన తరువాత గాని కాండము రాదు. నలుబదియొకటవ దినమున చీలిక పైభాగమున ఎర్రని మొన కనబడినది. అటుపిమ్మట దాని వేగము చూడవలసినదే. ఉదయమునకు సాయంత్రమునకు తేడా కానవచ్చెడిది. అమ్మాయి కిటికీ చట్రముపై పెన్సిలుతో గీతలు పెట్టుచు వచ్చినది. ఇంతవరకు ఎరువు అక్కరలేదు. రెండు బద్దలలోని పిండియే రెండు మూడు నెలలు మొక్కను సాకును. కనుక ఆ బద్దలు వంకరగా, వికారముగా కనబడుచున్నవని త్రుంచివేయరాదు.

గ్లాసులో అందముగా నున్నదని మొక్కను నెలల తరబడి నీటిలోనే ఉంచువా రున్నారు. మా అభిప్రాయమున అది పిల్లవానిని ఎల్లకాలము ఉయ్యాలలో నుంచుటవంటిది. నీటిలో పెరిగిన వేళ్లు పెళుసు. ఎంత ఆలస్యమైన మట్టికి అంత అలవాటుపడవు. వేరు వ్రేలెడు పొడవై, కాండమున ఆకులు విప్పుకొనగానే కుండీలోనికి మార్చవలెను. వేడుక అక్కరలేనివారు మొదటినుండియే గింజను మట్టిలో పెట్టుట ఇంకను మంచిది. గింజ పై మూడవవంతు మట్టిపైకి కనబడునట్లు పెట్టి, తడి ఆరకుండ చూచుకొన్న చాలును. పిల్లలకు వేరు కనబడదు, అంతియే నష్టము.

కుండీ లోతుగా నుండవలెను, అడుగున రంధ్రములు ధారాళముగా నుండవలెను. రెండుపాళ్లు ఎర్రమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపినచో సరిపోవును. గచ్చిబౌలి చుట్టుపట్ల రాళ్లనేలలనుండి తీయు ఎర్ర చెల్కమట్టి దీనికి తగినదే. నీటిని పట్టియుంచు నల్లరేగడి తగదు. ఈ చెట్టు వేళ్లపై నీటిని పీల్చు సన్నని నూగువేళ్లు బహు తక్కువ. అవి నేలపై పొరలలోనే ప్రాకును. అందుచేత దీనికి నీరు నిలువరాదు, నీరు లేకయు ఉండరాదు. కుండీ తడిసి ముద్దగా నున్నచో ఫైటాఫ్తొరా అను సూక్ష్మజీవి వేళ్లను కుళ్లబెట్టును. ప్రపంచమున వెన్నతోటలను అన్నిటికంటె ఎక్కువగా నాశనము చేయు తెగులు ఇదియే. వ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి, పొడిగా తోచినప్పుడే నీరు పోయుట అన్నిటికంటె సులభమైన పరీక్ష. మొక్క జానెడెత్తు పెరిగినపుడు కొనను గిల్లివేసినచో ప్రక్కకొమ్మలు వచ్చును. లేనిచో ఒంటికాడగా తాటివలె సాగిపోవును. గిల్లుటకు అమ్మాయి ఒప్పుకొనలేదు. మేము ఆమె బడికి పోయిన వేళ గిల్లితిమి. ఆ మాట ఇంతవరకు ఆమెకు చెప్పలేదు.

ఇక ఎండ. పుట్టినచోట ఈ మొలక పెద్దచెట్ల నీడలో పెరుగును. మన వేసవి 40 డిగ్రీలు దాటును. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెత ఊరక పుట్టలేదు. దానికితోడు ఈ ప్రాంతమున మరియొక ఎండ యున్నది. ఎదుటి మేడ నిండ గాజుపలకలే. సాయంత్రము నాలుగు గంటలకు మా పడమటి బాల్కనీలో ఒక సూర్యుడు ఆకసమునుండి, మరియొకడు ఆ గాజుగోడనుండి కాయుదురు. మార్చి నెలాఖరున ఇది ఆలోచింపక మొక్కను అచట పెట్టి మూడునాళ్లు ఊరికి పోయితిమి. తిరిగివచ్చి చూడగా ఆకులన్నియు కాగితమువలె పెళపెళలాడుచున్నవి, కాండము పైసగము నల్లబడినది. అమ్మాయి ఏడ్వలేదు. మాటాడకుండ పోయి కిటికీపైని పెన్సిలు గీతలను తుడుచుట మొదలిడినది. అది చూచుట ఏడ్పుకంటె కష్టముగా నుండెను.

ఆ మొక్కను పారవేయక, నల్లబడిన భాగమును కోసి, తూర్పు కిటికీలోపలికి మార్చి, కొద్దికొద్దిగా నీరు పోయుచుంటిమి. పందొమ్మిది దినములకు మొదట, గింజబద్దల దగ్గర, బియ్యపుగింజంత మొగ్గ పొడసూపినది. ఈ జాతి మొలకకు ఆ శక్తి కలదు. బద్దలు చెడక, వేరు కుళ్లక ఉన్నంతవరకు మొదటి మొగ్గలనుండి మరల లేవవచ్చును. కనుక కొన యెండినంతనే మొక్క చచ్చినదని తీర్మానింపరాదు. గోటితో కాండమును గీచి చూడవలెను. లోపల పచ్చగా నున్నచో ప్రాణమున్నట్లే. మార్చి మొదలు జూన్ వరకు ఉదయపుటెండ మాత్రమే తగులునట్లు ఉంచి, కాండమునకు పలుచని సున్నపునీరు పూసినచో ఎండదెబ్బ తగ్గును. నీడలో పెరిగినదానిని బయటికి తెచ్చునపుడు రోజున కొక గంట చొప్పున అలవాటు చేయవలెను.

పెంపుడు జంతువులున్న ఇండ్లవారు ఒక హెచ్చరిక వినవలెను. ఈ చెట్టు ఆకులలో, బెరడులో, గింజలో, కాయతోలులో పెర్సిన్ అను విషపదార్థమున్నది. పండు గుజ్జు మనుష్యులకు నిరపాయమే. కాని పంజరములోని పక్షులకు పండు గూడ పెట్టరాదు. వాటికి కొద్దిపాటియే ప్రాణాపాయము కావచ్చును. మేకలకు, గుఱ్ఱములకు, కుందేళ్లకు ఆకులు తినిపింపరాదు. గింజను ఎండబెట్టి పొడి చేసి తినుట ఆరోగ్యమని కొందరు ప్రచారము చేయుచున్నారు. అట్టి పని చేయకుండుటయే క్షేమము. అమెరికాలోని పిల్లల యింటికి పోయివచ్చు తల్లిదండ్రులు అచటి గింజలను సామానులో దాచి తెచ్చుటయు కలదు. అదియు కూడదు. అనుమతిపత్రము, ఆరోగ్యపత్రము లేనిదే విత్తనములను విదేశమునుండి తేరాదని 2003 నాటి మన మొక్కల క్వారంటైన్ ఉత్తరువు నిషేధించుచున్నది. ఒక గింజతో కూడ తోటలను మాపు తెగులు రాగలదు. ఇచటి దుకాణములో కొన్న పండు ఉండగా ఆ శ్రమ ఎందుకు?

ఇప్పుడు మూడవ ప్రశ్న. కాయునా?

గింజనుండి పెరిగిన వెన్నచెట్టు తనకు నచ్చిన నేలలో, తోటలో, కాపునకు వచ్చుటకు అయిదేండ్లు మొదలు పదమూడేండ్ల వరకు పట్టును. కుండీలో, బాల్కనీలో, ఈ వేడిమిలో కాయుట మిక్కిలి అరుదు. పూచినను పూవుల నడవడి విచిత్రమైనది. ఒక్కొక్క పూవు రెండుమారులు విప్పుకొనును. మొదటిమారు స్త్రీపుష్పముగా, మూసికొని మరల రెండవమారు పురుషపుష్పముగా. కొన్ని రకములు ఉదయమున స్త్రీగా విచ్చి మరునాటి మధ్యాహ్నమున పురుషునిగా విచ్చును. హాస్ ఈ తెగలోనిది. మరికొన్ని మధ్యాహ్నమున స్త్రీగా విచ్చి మరునాటి ఉదయమున పురుషునిగా విచ్చును. ఫ్యూర్టే ఆ తెగలోనిది. అందుచేత రెండు తెగల చెట్లు చేరువనుండి, తేనెటీగలు తిరుగుచున్నచోట కాపు హెచ్చు. అంతయు కుదిరినను వెయ్యి పూలకు ఒక్కకాయ నిలుచుట గూడ గొప్పయే.

కాసినను ఆ కాయ మనము తిన్న కాయ కాదు. హాస్ గింజ నాటినవారికి హాస్ చెట్టు రాదు. గింజలో తల్లిచెట్టు గుణము సగమే. తక్కిన సగము ఏ తేనెటీగ ఎచటినుండి తెచ్చిన పుప్పొడియో. మామిడి విషయమున ఇది మనవారికి తరతరములుగా తెలిసినదే. బంగినపల్లి టెంక నాటి బంగినపల్లి వచ్చునని ఏ రైతును ఆశింపడు. అందులకే అంట్లు కట్టుట నేర్చినారు. పడమటి తీరపు ఓలూరు, చంద్రకారన్ వంటి కొన్ని మామిళ్లు ఒక టెంకనుండి పెక్కు మొలకలు పుట్టించి తల్లిని పోలినవాటిని ఇచ్చును గాని, వెన్నపండునకు ఆ సౌకర్యము లేదు. కాపు కావలసినవారు గింజమొక్కను పెన్సిలు లావు వరకు పెంచి, దాని తల కోసి, నడుమ చీల్చి, మంచిచెట్టు కొమ్మను ఆప్పువలె చెక్కి ఆ చీలికలో దిగగొట్టి కట్టవలెను. అట్టి అంటుమొక్క మూడు నాలుగేండ్లకే కాయును. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ, తమిళనాడులోని తడియన్‌కుడిసై పరిశోధన స్థానము మన దేశమునకు తగిన రకములను ఎంపిక చేసి వెలువరించినవి. తెలంగాణలోని మైదానములలో గూడ కొందరు రైతులు అంట్లు నాటి ప్రయత్నించుచున్నారు.

అయినను గింజమొక్కను చులకన చేయుటకు వీలులేని కథ యొకటి యున్నది. కాలిఫోర్నియాలోని లాహబ్రా హైట్సులో రుడాల్ఫ్ హాస్ అను తపాలా బంట్రోతు 1920ల నడుమ తన చిన్నతోటలో కొన్న గింజలు నాటి, మొలకలకు ఫ్యూర్టే రకపు అంట్లు కట్టించెను. ఒక మొలక మాత్రము అంటును పట్టనీయలేదు. కొట్టివేయవలసిన దానిని అట్లే వదలివేసిరి. అది తనంత తాను పెరిగి నల్లని ముడుతలకాయలు కాచినది. రుచి ఫ్యూర్టేను మించినది. 1935లో హాస్ దానికి పేటెంటు పొందెను. అంట్లను ఇతరులు ఇష్టము వచ్చినట్లు కట్టుకొనుటచే అతనికి దక్కిన ధనము స్వల్పము. తపాలా ఉద్యోగము మానకయే 1952లో మరణించెను. నేడు లోకమున అమ్ముడగు వెన్నపండ్లలో అత్యధికము ఆ ఒక్క చెట్టు సంతతియే. తల్లిచెట్టు 2002 వరకు బ్రతికి వేరుకుళ్లు తెగులుచే కూలినది. గచ్చిబౌలి దుకాణములోని నల్లకాయ గూడ ఆ తపాలావాని పెరటిచెట్టు కొమ్మయే. అట్టి గింజ కోట్లలో ఒకటి. అది మన గ్లాసులోనిది కావచ్చునని ఆశించుట తప్పు కాదు గాని, దానిపై అప్పు చేయరాదు.

మొక్క పెరిగిన పిమ్మట ఎచట నాటుట అను చిక్కు మాకు ఇప్పుడే వచ్చినది. మా భవనసముదాయమున పచ్చికమైదానము ఉన్నది. తోటమాలితో మాటాడగా అసలు సంగతి తెలిసినది. ఆ పచ్చిక క్రింద మూడడుగుల మట్టి, దాని క్రింద కాంక్రీటు పలక, దాని క్రింద కార్లు నిలుపు సెల్లారు. వేళ్లు పైపొరలలోనే ప్రాకు చెట్టే యైనను, ముప్పదడుగులకు మించి పెరుగగలదానిని మూడడుగుల మట్టి నిలుపలేదు. విశ్వవిద్యాలయము ప్రక్కనున్న రాళ్లగుట్టల అడవిలో నాటరాదా యని మిత్రుడొకరు అడిగిరి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించిన కంచ గచ్చిబౌలి భూమి అదియే. అచటి తుప్పలకు, బండలకు, జింకలకు, నెమళ్లకు తమ సంసారము తమకున్నది. పరదేశపు చెట్టును తీసికొనిపోయి అచట దింపుట మాకు సమ్మతము కాలేదు. మా అత్తవారి ఊరు వికారాబాదు వైపున. బావికి దగ్గరగా, మామిడిచెట్టు నీడ సాయంత్రమున పడుచోట ఒక జాగా చూచితిమి. ఎర్రనేల, వాలు, నీరు నిలువదు. మామగారు ఒక మాట అడిగిరి, "మేకలు తింటే ఏమవుతుంది?" అని. ముండ్లకంచె వేయుదుమని ఒప్పుకొంటిమి.

అమ్మాయికి నిజము చెప్పితిమి. వచ్చే వేసవికి కాదు, నీవు కాలేజీకి పోవునాటికి, అదియు అంటు కట్టినచో, అని. ఆమె వ్రేళ్లు మడిచి లెక్క పెట్టినది. తరువాత కిటికీ దగ్గరకు పోయి, తుడిచిన చోటనే క్రొత్తగీత యొకటి పెట్టినది. మొదటినుండి వచ్చిన రెండవ కాండము ఈ ఆదివారమునకు 23 సెంటీమీటర్లు. మృగశిర వానలు బాగుగా పడి, నేల రెండు జానలు తడిసిన పిమ్మట మొక్కను ఊరికి తీసికొనిపోవుదుము. ఖాళీయైన గ్లాసునకు ఇంకొక గింజ కావలెనని అప్పుడే అడుగుచున్నది. కొడగు కాయలు దుకాణమునకు వచ్చుటకు ఇంకను నెలరోజులు పట్టునట.